దక్షిణాకాశ పటంలో సీమ పిల్లలకు పని ఉంది

అనంతపురం నుంచి బెంగళూరు రైలెక్కితే హిందూపురం దాటాక గౌరిబిదనూరు వస్తుంది. సీటు దొరికినవాళ్లు కునుకు తీస్తుంటారు, దొరకనివాళ్లు తలుపు దగ్గర ఫోన్ చూసుకుంటుంటారు. ఆ ఊరి పక్క పొలాల్లో 1970ల్లో బెంగళూరు శాస్త్రవేత్తలు 1000 డైపోల్ యాంటెనాలను ఇంగ్లిష్ ‘టీ’ అక్షరం ఆకారంలో పరిచి, 34.5 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాల్లో ఆకాశానికి పటం గీశారు. ఫిజిక్స్ చదువుతున్న పిల్లలను ఈ సంగతి అడిగితే ఒక్కరూ విన్నామనలేదు. తప్పు వాళ్లది కాదు, చెప్పని మనది.

ఆస్ట్రేలియాలోని ఎండబ్ల్యూఏ రేడియో టెలిస్కోప్ గురించి, అది ఆకాశాన్ని గాలించి చేసిన గ్లీమ్ సర్వే గురించి సైన్స్ వార్తలు చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 72 నుంచి 231 మెగాహెర్ట్జ్ మధ్య దక్షిణాకాశాన్ని జల్లెడ పట్టి, 2017లో 3 లక్షలకు పైగా రేడియో మూలాల, అంటే రేడియో తరంగాలు వచ్చే చోట్ల, జాబితా ఇచ్చింది. అందులో బాగా వెలిగే 1,863 మూలాలను ఏరి 2020లో ‘జీ4జేవై’ జాబితా తెచ్చారు. ఉత్తరాకాశానికి కేంబ్రిడ్జ్ వాళ్లు ఎప్పుడో చేసిపెట్టిన ఇలాంటి జాబితాలో ఉన్నవి 173. అంటే పది రెట్లు.

ఈ జాబితా మీద పని అనంతపురం, కడప, కర్నూలు కాలేజీల్లో జరగాలి. ఎప్పుడో కాదు, ఈ సెమిస్టర్ నుంచే.

తక్కువ పౌనఃపున్యమే ఎందుకు? గెలాక్సీ నడుమ ఉన్న కృష్ణబిలం రెండు వైపులా ఎలక్ట్రాన్లను చిమ్ముతుంది. అవి అయస్కాంత క్షేత్రంలో చుట్లు తిరుగుతూ రేడియో తరంగాలిస్తాయి. ఎక్కువ శక్తి ఉన్నవి తొందరగా అలసిపోతాయి. చివరికి మిగిలేది తక్కువ పౌనఃపున్యంలో వచ్చే వెలుగే. నివురు గప్పిన నిప్పు అంటామే, అదే ఇది. ఎక్కువ పౌనఃపున్యంలో చూస్తే ఇప్పటి మంట తెలుస్తుంది, తక్కువలో చూస్తే కోట్ల ఏళ్ల కిందటి పొయ్యి కూడా తెలుస్తుంది. సెంటారస్ ఏ అనే గెలాక్సీనే తీసుకోండి. దూరం దాదాపు 1.2 కోట్ల కాంతి సంవత్సరాలు. దాని రేడియో రెక్కలు ఆకాశంలో 8 డిగ్రీల మేర పరుచుకున్నాయి. చెయ్యి చాపి పిడికిలి బిగిస్తే ఎంత ఆకాశం మూసుకుంటుందో ఇంచుమించు అంత. మన కళ్లకు రేడియో కనిపించదు కాబట్టి అక్కడ ఏమీ లేదనుకుంటాం.

నన్ను నిలవనీయనిది ఇంకొకటుంది. ఎండబ్ల్యూఏ చూపు మందం. అది చూపించే ఒక్కో రేడియో మచ్చ కింద ఎన్నో గెలాక్సీలుండొచ్చు. వాటిలో అసలుది ఏది? పక్కపక్కన రెండు మచ్చలుంటే, అవి ఒకే గెలాక్సీ చిమ్మిన రెండు ధారలా, సంబంధం లేని రెండు గెలాక్సీలా? కంప్యూటర్ ఇక్కడ తరచు పొరబడుతుంది. అందుకే జీ4జేవై బృందం అన్ని మూలాలనూ ఒక్కొక్కటిగా కళ్లతో చూసింది. రేడియో గీతలను ఇన్‌ఫ్రారెడ్ చిత్రం మీద పరిచి, ఏది దేనిదో తేల్చింది. అంత చేసినా తేలింది 86 శాతమే. మిగిలినవి అప్పటికి మసకే.

అలా కళ్లతో చూడటానికి వాళ్లు వాడిన చిత్రాల్లో మన పుణే దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్‌వి ఉన్నాయి. 45 మీటర్ల డిష్‌లు 30, దేశం సొమ్ముతో కట్టినవి. 150 మెగాహెర్ట్జ్ దగ్గర అది తీసిన డేటాను శుద్ధి చేసి 2017లో లోకానికి అందించింది మాత్రం విదేశీ సంస్థల్లో పనిచేసే చిన్న బృందం. వాళ్లు చేసింది గొప్ప పని, నాకు వాళ్ల మీద ఫిర్యాదు లేదు. డేటా మన దగ్గర పుట్టినా దాని మీద కూర్చునే చేతులు మన దగ్గర లేకపోయాయన్నదే నా బాధ.

ఒకప్పుడు అలా లేదు. ఆకాశమంతటినీ ఫొటో తీయాలని ప్రపంచ అబ్జర్వేటరీలు వాటాలు పంచుకున్న పనిలో, హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీకి ఆకాశ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ వచ్చింది. గాజు పలకల మీద చుక్కలను కళ్లతో కొలిచి లక్షల నక్షత్రాల స్థానాలు అచ్చు వేశారు. అప్పుడు కరెంటుతో నడిచే కంప్యూటరే లేదు.

తాగునీటికే దిక్కులేని చోట ఆకాశంలో రేడియో ఎందుకంటారు కొందరు. దేశాలు కలిసి కడుతున్న భారీ రేడియో టెలిస్కోప్ ఎస్‌కేఏ వస్తే ఇవన్నీ పాతబడతాయి, ఏఐ మొత్తం చూసుకుంటుంది అంటారు ఇంకొందరు. నీళ్లకు దీనికి పోటీ లేదు, ఈ చిత్రాలు ఉచితం. ఎస్‌కేఏలో తక్కువ పౌనఃపున్య భాగానికి 1,31,072 యాంటెనాలు పెడుతున్నారు, మన కేంద్రం కూడా రూ.1,250 కోట్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ డేటా వరదలా వచ్చినప్పుడు ఏఐకి తప్పొప్పులు నేర్పడానికి కళ్లతో సరిచూసిన జాబితాలే కావాలి.

అసలు చిక్కు వేరే ఉంది. ఎండబ్ల్యూఏ ఉన్న మర్చిసన్ ప్రాంతం ఎర్రనేల, వానలు తక్కువ, గొర్రెల మేత. ఉమ్మడి అనంతపురం జిల్లాకు రెండున్నర రెట్ల నేలలో జనం ఒకటి రెండు వందలే. రేడియో స్టేషన్ల గోల లేక ఎఫ్‌ఎం బ్యాండ్‌లో కూడా ఆకాశాన్ని వినగల ఆ నిశ్శబ్దాన్ని వాళ్లు సంపదగా లెక్కగట్టారు. మన ఎర్రనేలను మాత్రం ‘ఖాళీ’ అనే రాసుకున్నాం. గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్క్ వచ్చింది, మంచిదే. నేల మనది, ఎండ మనది. ఆ పలకల వెనకున్న విద్య మన కాలేజీ ల్యాబుల్లోకి ఎంత వచ్చింది? డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. పిల్లలు దాని కోసం బెంగళూరు రైలెక్కుతున్నారు, లేదా ఎవరో ఇచ్చే సర్టిఫికెట్ కోసం టెన్షన్ పడుతున్నారు. నేల, డేటా, పిల్లలు అన్నీ ఇక్కడివే. ఆలోచించే పని మాత్రం ఇంకెక్కడో జరుగుతుంది. సీమకు అన్యాయమంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే.

ఇదేమీ కొత్త కల కాదు. 2013 నుంచి ‘రాడ్ ఎట్ హోమ్’ అనే సామాన్యుల పరిశోధన బృందం వాళ్లు దేశంలో మామూలు కాలేజీ పిల్లలకు జీఎంఆర్‌టీ చిత్రాలు చదవడం నేర్పుతున్నారు. శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాలు కలిసి ఈ పనిని ఇంటర్న్‌షిప్‌గా గుర్తిస్తూ ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. ఒక్కో కాలేజీలో పది కంప్యూటర్లు, నెట్, ఓపికున్న ఒక లెక్చరర్, ఇరవై మంది పిల్లలు. పాఠం తెలుగులో చెప్పాలి. తేలకుండా మిగిలిన మూలాలను ఇద్దరిద్దరికి పంచి, ఇద్దరూ విడివిడిగా చూశాక మాటలు కలవకపోతే మూడో మనిషిని పిలవాలి.

గ్లీమ్ పటం ఆకాశ మధ్యరేఖకు ఉత్తరాన 30 డిగ్రీల దాకా వస్తుంది. అంటే అనంతపురం నడినెత్తి ఆకాశం కూడా అందులో ఉంది. పాఠం సెంటారస్ ఏతో మొదలుపెట్టొచ్చు. మే నెల మధ్యలో రాత్రి పది గంటలకు పిల్లలను మిద్దెక్కించి దక్షిణం వైపు తిప్పండి. నేల అంచు నుంచి మూడు పిడికిళ్ల ఎత్తున అది ఉంటుంది.