మానసిక ఆరోగ్య సంస్థల వార్షిక లెక్కలు: చెప్పేవి, చెప్పనివి

ఆర్థిక సంవత్సరం ముగియగానే మానసిక ఆరోగ్య రంగంలో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు వార్షిక నివేదికలు సిద్ధం చేస్తాయి. హెల్ప్‌లైన్‌కు వచ్చిన ఫోన్లు ఎన్ని, కౌన్సెలింగ్ పొందినవారు ఎందరు, అవగాహన సదస్సులు ఎన్నిచోట్ల జరిగాయి, ఎంతమంది వాలంటీర్లకు శిక్షణ ఇచ్చారు అన్న అంకెలు మొదటి పేజీల్లోనే పెద్ద అక్షరాలతో కనిపిస్తాయి. దాతలకు చప్పున అర్థమయ్యేవి అవే కనుక సంస్థలను తప్పుపట్టలేం. అయితే ఈ రంగంలో సేవ అందినవారి సంఖ్యకూ, వారికి ఒనగూరిన మేలుకూ మధ్య దూరం చాలా ఎక్కువ. టీకా వేయించుకున్న బిడ్డను లెక్కలో చేర్చినప్పుడు ఫలితం కూడా చాలావరకు ఆ లెక్కలోనే ఇమిడి ఉంటుంది. ఒక్కసారి ఫోన్ చేసి మళ్లీ ఎన్నడూ చేయని మనిషిని లెక్కలో చేర్చినప్పుడు మాత్రం, అతడు కోలుకున్నాడో, విసిగి వదిలేశాడో, పరిస్థితి మరింత విషమించిందో ఆ అంకెను బట్టి తెలియదు.

ఇలాంటి సంస్థల అవసరం ఎంతన్నది వివాదాంశం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం 2019 నాటికి ప్రపంచంలో సుమారు 97 కోట్ల మంది, అంటే ప్రతి ఎనిమిది మందిలో ఒకరు, ఏదో ఒక మానసిక రుగ్మతతో జీవిస్తున్నారు. ప్రభుత్వాలు ఆరోగ్య బడ్జెట్‌లో మానసిక ఆరోగ్యానికి కేటాయిస్తున్నది మధ్యస్థ విలువ (మీడియన్) ప్రకారం 2 శాతం మాత్రమే. చాలా దేశాల్లో అందులోనూ సింహభాగం మానసిక వైద్యశాలల నిర్వహణకే పోతుంది. వైద్యశాల నుంచి ఇంటికి తిరిగొచ్చిన మనిషికీ, అసలు అక్కడిదాకా వెళ్లలేని మనిషికీ కుటుంబం తర్వాత దొరికే ఆసరా తరచూ ఈ సంస్థలే.

వైద్యులు కానివారు ఈ పని చేయగలరా అన్న సందేహానికి చరిత్రలో స్పష్టమైన సమాధానాలే ఉన్నాయి. 1953లో లండన్‌లో చాడ్ వరా అనే క్రైస్తవ మతాచార్యుడు ఆత్మహత్య ఆలోచనలతో సతమతమయ్యేవారి కోసం ఒక టెలిఫోన్ సేవ ప్రారంభించారు. ఆయనను కలవడానికి వచ్చి వేచి ఉన్నవారికి తోడుగా కూర్చోవడానికి, టీ ఇచ్చి పలకరించడానికి కొందరు వాలంటీర్లు ముందుకొచ్చారు. ఆ వాలంటీర్లతో మనసు విప్పి మాట్లాడాక చాలామందికి తనతో పని ఉండటం లేదని వరా కొద్ది నెలల్లోనే గ్రహించి, 1954 ఫిబ్రవరిలో బాధ్యతను వారికే అప్పగించారు. ఆ సేవే సమారిటన్స్ సంస్థ, దాని స్వరూపం అలా స్థిరపడింది.

జింబాబ్వేలో 2006లో సైకియాట్రిస్టు డిక్సన్ చిబాండా మొదలుపెట్టిన ఫ్రెండ్‌షిప్ బెంచ్ ఈ ఆలోచనను మరింత ముందుకు తీసుకెళ్లింది. ఆ దేశంలో సైకియాట్రిస్టులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే. అందుకని అప్పటికే ఆరోగ్య కార్యకర్తలుగా పనిచేస్తున్న పెద్ద వయసు మహిళలకు సమస్యా పరిష్కార పద్ధతిలో శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రాల ఆవరణల్లో చెక్క బెంచీల మీద కూర్చోబెట్టారు. 2016లో వైద్య పత్రిక జామాలో వెలువడిన పరిశోధన ఫలితాల ప్రకారం, మామూలు చికిత్సను కాస్త మెరుగుపరచి అందించిన వర్గంలో ఆరు నెలల తర్వాత సుమారు 50 శాతం మందిలో కుంగుబాటు లక్షణాలు మిగిలి ఉండగా, బెంచీ దగ్గర సహాయం పొందినవారిలో అవి సుమారు 14 శాతానికే పరిమితమయ్యాయి. ఈ అమ్మమ్మల కథ పత్రికలకు బాగా నచ్చింది, నచ్చాల్సిందే. కానీ కథలో తరచూ జారిపోయే అంశం ఒకటుంది. ఆ పెద్దావిడలు కేవలం సానుభూతితో నెట్టుకురాలేదు. విడతలవారీగా సాగే నిర్దిష్ట సంభాషణ క్రమం, వారి పనిని ఎప్పటికప్పుడు గమనించే పర్యవేక్షకులు, తీవ్ర లక్షణాలున్నవారిని పై స్థాయి వైద్యులకు పంపే ఏర్పాటు, వ్యక్తిగత సమావేశాలు పూర్తయినవారు కలుసుకునే బృందం అన్నీ ఆ పనిలో భాగమే.

పైగా ఆ ఫలితాన్ని మనం నమ్మగలుగుతున్నది పోల్చి చూడటానికి మరో వర్గం ఉన్నందువల్లే. వార్షిక నివేదికల్లో లేనిది సరిగ్గా ఇదే. చాలా సంస్థలు కుంగుబాటును అంచనా వేయడానికి తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 అనే పట్టికను వాడతాయి. అందులో స్కోరు 0 నుంచి 27 వరకూ ఉంటుంది. మొదటి రోజు 18 ఉన్న స్కోరు మూడు నెలల తర్వాత 10కి తగ్గితే అది తమ సేవ ఫలితమేనని నివేదిక ప్రకటిస్తుంది. కొంతవరకు నిజమే కావచ్చు. అయితే మనుషులు సహాయం కోసం తలుపు తట్టేది సాధారణంగా పరిస్థితి అత్యంత అధ్వానంగా ఉన్నప్పుడు. అక్కడి నుంచి చాలామందికి ఎంతో కొంత దానంతటదే తగ్గుతుంది. మరోవైపు, చివరి స్కోరు దొరికేది చివరిదాకా వచ్చినవారి నుంచే. మధ్యలో మానేసినవారు, బహుశా సేవ ఉపయోగపడనివారు, సగటులో లేకుండా పోతారు. రెండు కారణాలూ ఫలితాన్ని ఉన్నదానికంటే మెరుగ్గా చూపించే దిశలోనే పనిచేస్తాయి. ప్రతి చిన్న సంస్థా శాస్త్రీయ పరిశోధన జరపాలని కోరడం అన్యాయం. కానీ ఎందరు మొదలుపెట్టారు, ఎందరు మధ్యలో ఆగిపోయారు, వారిలో ఎందరిని తిరిగి సంప్రదించగలిగారు అన్న మూడు విషయాలు బయటపెట్టడానికి పరిశోధకులు అక్కర్లేదు, రిజిస్టరు చాలు.

హెల్ప్‌లైన్లకూ ఇదే వర్తిస్తుంది. తీసిన ఫోన్ల సంఖ్య పక్కన, తీసేలోపు తెగిపోయిన ఫోన్ల సంఖ్య కూడా ఉంటేనే ఆ ఏడాది పని అర్థమవుతుంది. కౌన్సెలింగ్ కోసం ఎదురుచూసేవారి జాబితా ఎంత పొడవుందో చెప్పే నివేదికలు అరుదు.

సమాజంలో మార్పు తెచ్చామన్న వాదనను ఇంకా జాగ్రత్తగా చదవాలి. పోస్టర్లు, ర్యాలీలు, ఉపన్యాసాలు సమాచారాన్ని అందించగలవు గానీ, మానసిక రుగ్మత ఉన్నవారి పట్ల చిన్నచూపును అవి ఎంత తగ్గిస్తాయన్నది వేరే విషయం. ఈ చిన్నచూపు మీద అధ్యయనం చేసిన, వైద్య పత్రిక లాన్సెట్ ఏర్పాటు చేసిన కమిషన్ 2022లో తేల్చిందేమిటంటే, మానసిక రుగ్మత అనుభవాన్ని దాటివచ్చిన మనుషులతో నేరుగా జరిగే పరిచయమే అన్నింటికంటే బలమైన సాధనం. ఇంగ్లండ్‌లో మైండ్, రీథింక్ మెంటల్ ఇల్‌నెస్ సంస్థలు కలిసి 2021 వరకూ నడిపిన టైమ్ టు చేంజ్ ఉద్యమం ఈ సూత్రానికే పెద్దపీట వేసింది. న్యూయార్క్‌లో మానసిక రుగ్మత ఉన్నవారి కోసం 1948లో ఏర్పడిన ఫౌంటెన్ హౌస్‌లో రోగులు అనే వర్గమే లేదు, అందరూ సభ్యులే, కేంద్రం నడపడంలో సిబ్బందితో సమానంగా పనిచేసేవారే. ఒక సంస్థ పాలకమండలిలోనూ జీతాల పట్టికలోనూ అలాంటి అనుభవం ఉన్నవారు ఎందరో చూస్తే, సదస్సుల సంఖ్య చెప్పనిది చాలా తెలుస్తుంది.

మేలు చేయాలన్న తపన ఒక్కోసారి కీడు చేయగలదని కూడా ఈ రంగం నేర్చుకుంది. ప్రమాదాలు, విపత్తుల తర్వాత బాధితులందరినీ కూర్చోబెట్టి జరిగినదంతా ఒకేసారి చెప్పించే పద్ధతి ఒకప్పుడు విస్తృతంగా సాగింది. అధ్యయనాలన్నిటినీ కలిపి సమీక్షించినప్పుడు దానివల్ల ప్రయోజనం కనిపించకపోగా, కొందరికి హాని జరిగే అవకాశం ఉందని తేలింది. అప్పటి నివేదికల్లో మాత్రం అవన్నీ సేవ అందినవారి ఖాతాలోనే జమయ్యాయి.

ఇక డబ్బు సంగతి. ఇక్కడ తప్పు సంస్థలది తక్కువ, నిధులిచ్చేవారిది ఎక్కువ అని నా అభిప్రాయం. నిర్వహణ ఖర్చు ఎంత తక్కువైతే సంస్థ అంత నిజాయితీగా ఉన్నట్టు భావించే అలవాటు దాతల్లో బలంగా ఉంది. రాత్రంతా ఆత్మహత్య ఆలోచనలు విన్న వాలంటీరు తెల్లవారి ఎవరితో చెప్పుకోవాలి? ఆ వినే మనిషి, అంటే పర్యవేక్షకుడి జీతం, నిర్వహణ ఖర్చు కిందికే వస్తుంది. మానేసినవారికి ఫోన్ చేసి కనుక్కునే ఉద్యోగి జీతమూ అంతే. వీటిని కోసేస్తే వాలంటీర్లు అలసిపోయి వెళ్లిపోతారు, కొత్తవారికి శిక్షణ ఇస్తారు, శిక్షణ పొందినవారి సంఖ్య పెరిగినట్టు మరుసటి ఏడాది నివేదిక గర్వంగా చెబుతుంది. దీనికితోడు నిధులు చాలావరకు ఏడాదికి మించని ప్రాజెక్టుల రూపంలో వస్తాయి. కుంగుబాటు తిరగబెట్టే స్వభావం గలది, స్కిజోఫ్రెనియా లాంటి తీవ్ర మానసిక రుగ్మతలు ఏళ్ల తరబడి తోడు కోరేవి. మార్చిలో ప్రాజెక్టు ముగిసిందని ఏప్రిల్‌లో కౌన్సెలర్ మారిపోతే, పాత కథంతా కొత్త మనిషికి మొదటినుంచి చెప్పుకోవలసి వచ్చేది బాధితుడే. నిధుల ఒప్పందం రాసేటప్పుడు కనీసం మూడేళ్ల గడువు పెట్టి, పర్యవేక్షణకు విడిగా పద్దు కేటాయించి, మానేసినవారి వివరాలు బయటపెట్టినందుకు తదుపరి విడత కోత పడదని అందులోనే రాసివ్వడం దాతల చేతిలో ఉన్న పని.