తల్లిని చూసుకునే బిడ్డ ఏ లెక్కలో ఉంది?

కన్నవారిని పట్టించుకోని ప్రభుత్వ ఉద్యోగుల జీతం కోసి తల్లిదండ్రుల ఖాతాలో వేసేలా చట్టం తెస్తామని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2025లో ప్రకటించినప్పుడు చప్పట్లు బాగానే మోగాయి. అస్సాం 2017లోనే అలాంటి చట్టం చేసింది. వదిలేసిన వాళ్లను నిలదీయాల్సిందే. అయితే ఉన్న ఉద్యోగం మానుకుని తల్లి మంచం పక్కన కూర్చున్న వాళ్ల సంగతి ఆ చర్చలోకి రానే లేదు.

ఒకప్పుడు నలుగురు కొడుకులుంటే పెద్దమనుషులు కూర్చుని నెలకొకరి చొప్పున వంతులు వేసేవారు. సంచి సర్దుకుని ఇల్లిల్లూ తిరగడంలో ఆ తల్లికి మిగిలిన గౌరవం ఎంతన్నది వేరే విషయం, భారం మాత్రం పంచుకునేవారు. ఇప్పుడు జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో ఒక కొడుకు గల్ఫ్‌లో, ఇంకొకరు హైదరాబాద్‌లో ఉంటారు. పక్షవాతంతో మంచాన పడ్డ మనిషిని వంతుల ప్రకారం ఊళ్లు తిప్పలేం. చివరికి దగ్గరున్నవారో, పెళ్లి కానివారో, జీతం తక్కువున్నవారో మిగులుతారు. “నీది చిన్న ఉద్యోగమే కదా” అన్న ఒక్క మాటతో పంచాయితీ ముగుస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో సంతాన సాఫల్య రేటు, అంటే ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య, 1.8. రేపటి తల్లులకు ఆ పంచాయితీ పెట్టుకునేటంత మంది పిల్లలు కూడా ఉండరు.

ఆ చిన్న ఉద్యోగం విలువ కట్టి చూద్దాం. హనుమకొండలో ప్రైవేటు ఉద్యోగం చేసే కూతురు 48 ఏళ్లకు మానేసిందనుకోండి. పోయేది జీతం ఒక్కటే కాదు. భవిష్యనిధి (పీఎఫ్) పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి, తొమ్మిదో ఏట మానేస్తే నెలనెలా వచ్చేదేమీ ఉండదు. తల్లి పోయాక, యాభై దాటిన మనిషికి మళ్లీ పని ఎవరిస్తారు? వృద్ధ తల్లిదండ్రుల వైద్య ఖర్చుకు ఆదాయపు పన్ను మినహాయింపు ఉన్న మాట నిజమే. అది సంపాదిస్తున్న అన్నకు పనికొస్తుంది, సంపాదన వదులుకున్న చెల్లెలికి కాదు.

కూతురినే ఉదాహరణగా తీసుకోవడం యాదృచ్ఛికం కాదు. 2024 సమయ వినియోగ సర్వేలో 15-59 ఏళ్ల మహిళల్లో 41 శాతం మంది ఇంట్లోవారి సంరక్షణ చేస్తున్నట్టు తేలింది. పురుషుల్లో 21.4 శాతమే. పిల్లల పెంపకమూ ఇందులో కలిసి ఉంది, అయినా మొగ్గు ఎటో తెలుస్తూనే ఉంది.

మంచాన పడ్డవారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పుండ్లు పడతాయి. ఆసుపత్రిలో ఈ పనికి షిఫ్టులున్నాయి. ఇంట్లో రాత్రీ పగలూ ఒకే మనిషి. ఆసరా పింఛను 2,016 రూపాయలు డయాపర్లకే సరిపోవు. కేరళలో ‘ఆశ్వాసకిరణం’ పథకం కింద సంరక్షకులకు నెలకు 600 రూపాయలు ఇస్తారు. ఆ సొమ్ముతో ఏమీ రాదు. కానీ అది చూసుకునే మనిషి కోసం కేటాయించిన డబ్బు. మన దగ్గర ఆ మనిషిని గుర్తించే పద్దే లేదు.

2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టాన్ని ఇక్కడ కొత్తగా చదవాలి. కొడుకులతో పాటు కూతుళ్లూ పోషణకు బాధ్యులే. తల్లి స్వయంగా వెళ్లలేకపోతే ఆమె అధికారమిచ్చిన వారు ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేయవచ్చు. అంటే చూసుకుంటున్న బిడ్డే తల్లి తరఫున మిగతా తోబుట్టువుల నుంచి పోషణ ఖర్చు అడగవచ్చు. చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితి నెలకు 10,000 రూపాయలు. అన్న మీద ఆర్డీవో ఆఫీసు మెట్లెక్కడానికి ఎంతమందికి మనసొప్పుతుందన్నది అసలు చిక్కు.

అందుకే ఆ మాట ముందే రాసుకోవాలి. భూమి పంపకాలప్పుడు గుంట కూడా వదలకుండా కాగితం రాస్తారు. అమ్మను ఎవరు చూస్తారు, చూసేవారికి మిగతావారు నెలకు ఎంత పంపాలి, సెలవుపై వచ్చినప్పుడు ఎన్నాళ్లు బాధ్యత తీసుకోవాలి అన్నవి అదే కాగితంలో ఎక్కాలి. ఫోనులో “మందులు వేశావా” అని రోజూ అడిగే అన్నకు ఈ షరతు కష్టంగా ఉంటే, ఆ కష్టం సంతకాల వేళే బయటపడనివ్వండి.