మైత్రీ భావన ఎవరితో మొదలుపెట్టాలి?

మనల్ని బాధపెట్టినవారిని తలచుకుంటూ మైత్రీ ధ్యానాన్ని (అందరి సుఖాన్నీ కోరుకునే బౌద్ధ సాధనను) ప్రారంభించాలని ఒక వ్యాసంలో చదివాను, ఆ వ్యాసకర్త సూచనతో నేను ఏకీభవించలేకపోతున్నాను. క్రీ.శ. 5వ శతాబ్దంలో బుద్ధఘోషుడనే బౌద్ధ భిక్షువు పాళీలో రచించిన సాధనా గ్రంథం విశుద్ధిమగ్గం, విరోధితో మొదలుపెట్టవద్దని హెచ్చరించి, ముందు తన సుఖాన్ని కోరుకుని, ఆపైన గౌరవనీయుడైన గురువును, ప్రియమిత్రుణ్ని, ఇష్టమూ అయిష్టమూ లేని వ్యక్తిని, చివరగా విరోధిని తలచుకోమని చెబుతుంది. ఈ క్రమం తెలియని రోజుల్లో నేను, ఆస్తి తగాదా వల్ల మాటలు ఆగిపోయిన మా అన్నయ్యతోనే మొదలుపెట్టి, వారం రోజులపాటు పాత కోపాన్నే నెమరువేసుకున్నాను.

నా అనుభవంలో అన్నిటికన్నా విలువైనది ఆ మధ్య మెట్టు, అంటే మనకు ఏమీ కాని మనిషిని తలచుకోవడం. మూడేళ్లుగా తెల్లవారుజామున మా గుమ్మంలో పాల ప్యాకెట్లు పెట్టి వెళ్లే అబ్బాయిని ఒకరోజు తలచుకున్నప్పుడు, అతని పేరైనా నాకు తెలియదన్న సంగతి గుచ్చుకుంది. మరునాడు తలుపు తీసి అడిగాను. మైత్రికి పూర్తిగా విరుద్ధమైన దూరపు శత్రువు ద్వేషమైతే, మైత్రిలాగే కనిపించి మోసగించే దగ్గరి శత్రువు రాగం, అంటే మమకారమని కూడా ఆ గ్రంథమే అంటుంది. పిల్లల మీది మమకారాన్నే మైత్రిగా భావించే నాబోటి తల్లులు ఈ మాటను ప్రత్యేకంగా పట్టించుకోవాలి. అన్నయ్య వంతు ఇప్పుడిప్పుడే వస్తోంది, దసరాకు ఫోన్ చేయాలనుకుంటున్నాను.