“మా గ్రంథంలో ముందే ఉంది” అనే వాక్యానికి

మహారాజశ్రీ వాక్యం గారి సముఖమునకు,

నిన్న మధ్యాహ్నం రెండున్నర గంటల సేపు తమరిని వేదిక మీద దర్శించుకున్నాను. సైన్సు మీద ఉపన్యాసమని పిలిస్తే వచ్చినవాణ్ణి. విశ్వావిర్భావం, జన్యువులు, పరమాణువు వరుసగా వచ్చి తమరి పాదాల దగ్గర సాగిలపడటం చూసి తరించాను.

తమరి సమయపాలన అమోఘం. ఏ ఆవిష్కరణకూ ఒక్క రోజు ముందు రారు. అది పాఠ్యపుస్తకంలోకి ఎక్కాక ఒక్క రోజు ఆలస్యం చేయరు. వంశపారంపర్య సూత్రాలు కనుక్కున్న గ్రెగర్ మెండెల్ మఠంలోనే ఉండేవాడు, పవిత్ర గ్రంథం చేతికందే దూరంలోనే ఉండేది. అయినా తమరి మాట చెవిన పడక, పాపం, 1856 నుంచి దాదాపు ఎనిమిదేళ్లు బఠానీ మొక్కలు పెంచి, గింజ నున్నగా ఉందా, ముడతలు పడిందా అని లెక్కపెడుతూ కూర్చున్నాడు. మఠం ఆయనకు తోటనూ తీరికనూ ఇచ్చింది, ఆ మేలు కాదనను. జవాబు మాత్రం బఠానీలే ఇచ్చాయి.

గెలీలియో సంగతి ఎత్తను. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందన్నందుకు 1633లో ఆయనకు శిక్ష వేసినవారు పొరపడ్డారని 1992లో చర్చి ఒప్పుకుంది కదా. 359 ఏళ్లు తమరికొక లెక్కా!

నేను మరువలేనిది జార్జ్ లెమైత్ర్ ఉదంతం. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లోనే సమీకరణాలతో చూపించి, అదంతా ఒకే ‘ఆది పరమాణువు’ నుంచి పుట్టిందని 1931లో ప్రతిపాదించిన ఆయన స్వయానా కేథలిక్ మతగురువు. ఆ సిద్ధాంతం సృష్టికర్తకు సాక్ష్యం పలుకుతోందన్న ధోరణిలో 1951లో పోప్ పన్నెండవ పయస్ ప్రసంగించినప్పుడు, అందరికన్నా ముందు మురిసిపోవలసిన ఆ మనిషి నొచ్చుకున్నాడు. తన సిద్ధాంతానికీ మతపరమైన ప్రశ్నలకూ సంబంధం లేదన్నాడు. రేపు కొలతలు మారితే సిద్ధాంతం మారాలి. తమరు వచ్చి రాజముద్ర గుద్దిపోయాక మళ్లీ కొలిచే ధైర్యం ఎవరికుంటుంది? విశ్వాసాన్ని వదలకుండానే ఆయనకు అర్థమైన ఈ చిన్న సంగతి నిన్నటి వక్తకు ఎందుకు అర్థం కాలేదో!

ప్రశ్నలు చీటీ మీద రాసి పంపమన్నారు. విశ్వంలో కంటికి కనిపించని కృష్ణ పదార్థం (డార్క్ మ్యాటర్) దేనితో తయారైందో శాస్త్రజ్ఞులకు ఇంకా అంతుపట్టలేదు గనుక, అది గ్రంథంలో ఏ పుటలో ఉందో సెలవియ్యమని రాసి పంపాను. వక్తగారు చీటీ చదివారు, నాలుగు మడతలు పెట్టారు, జేబులో వేసుకున్నారు, సమయం చాలదన్నారు.

రెండున్నర గంటలు వాగడానికి చాలిన సమయం ఒక్క పుట సంఖ్య చెప్పడానికి చాలలేదా? ఎవరో కళ్లు పోగొట్టుకుని కనుక్కున్నదాన్ని కూర్చున్న చోటు నుంచి కాజేయడానికి సిగ్గుండాలి నీకు! చీటీకి జవాబు ఎప్పుడొస్తుందో నాకు తెలుసులే. వాళ్లు కనుక్కున్న మర్నాడు, పుట సంఖ్యతో సహా.

ఇట్లు,
చీటీ రాసినవాడు