పూల్ మీద నెట్టు షెడ్డు: ఫార్వర్డ్‌లో చెప్పినంత ఉందా?

ఒడిశాలోని బరంపురం, గోపాల్‌పూర్, ఛత్రపురం తెలుగు గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఇంటి స్విమ్మింగ్ పూల్‌కు అల్యూమినియం ఫ్రేముతో నెట్టు షెడ్డు కట్టిస్తే దోమలుండవట, క్లోరిన్ ఖర్చు సగమవుతుందట, పిల్లలకు వేరే కంచె అక్కర్లేదట, తుఫానుకు చెక్కుచెదరదట, ఇల్లు అమ్మేనాడు పెట్టిన డబ్బంతా తిరిగొస్తుందట. కింద ఫ్లోరిడా ఇళ్ల ఫోటోలు. షెడ్డు శుద్ధ దండగని మేమనం. కానీ ఈ ఐదింటిలో సగమైనా నిజమైంది ఒక్కటే.

"దోమలుండవు"

ఆ సగం నిజం ఇదే. అంగుళానికి 18×16 కన్నుల నెట్టు దోమను ఆపుతుంది. అయితే రోజూ పంపు తిరుగుతూ, ఫ్రీ క్లోరిన్ (నీళ్లలో ఇంకా పనిచేసే క్లోరిన్) 1–3 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో ఒకటి నుంచి మూడు పాళ్లు, ఉన్న పూల్లో దోమలు పుట్టవు. అవి పుట్టేది పక్కన: డెక్ (పూల్ చుట్టూ ఉండే గచ్చు) డ్రెయిన్ జాలీ కింద నిలిచిన చెంబెడు నీళ్లలో, పూలకుండీ పళ్లెంలో, ఒక్కోసారి ఈ షెడ్డు అడుగు చానెల్‌లోనే. చానెల్‌కు నీళ్లు పోయే బెజ్జాలు వేయకపోతే వానాకాలంలో వారం పది రోజులకే దోమలు లోపల తయారవుతాయి. వాటిని బయటికి పోనివ్వనిది కూడా ఆ నెట్టే.

"క్లోరిన్ ఖర్చు సగం"

క్లోరిన్‌ను తినేసేది ఎండలోని అల్ట్రావయొలెట్. నెట్టు దాంట్లో కొంత ఆపుతుంది, అంతే. అసలు కాపలా కాసేది సయన్యూరిక్ యాసిడ్, పూల్ సామాన్ల షాపులో స్టెబిలైజర్ అంటారు. అది లేని పూల్లో పొద్దున వేసిన క్లోరిన్ సాయంత్రానికి దాదాపు మాయమవుతుంది, పైన నెట్టు ఉన్నా సరే.

8×4 మీటర్ల పూల్, సగటు లోతు 1.4 మీటర్లనుకోండి. నీళ్లు సుమారు 45,000 లీటర్లు. 30 పీపీఎం రావాలంటే 1.35 కిలోల స్టెబిలైజర్ చాలు. నేరుగా గుమ్మరించకండి, అడుగున పేరుకుపోతుంది. పాత సాక్సులో పోసి, నీళ్లు తిరిగొచ్చే రిటర్న్ ముందు వేలాడదీయండి. రెండు మూడు రోజుల్లో కరుగుతుంది. ఒక జాగ్రత్త: టీసీసీఏ 90 అనే క్లోరిన్ బిళ్లలు వాడేవాళ్లకు ఇది విడిగా అక్కర్లేదు. ఆ బిళ్ల ప్రతి 10 పీపీఎం క్లోరిన్‌తో పాటు 6 పీపీఎం దాకా సయన్యూరిక్‌ను కూడా కలుపుతుంది. అది 50 దాటి పెరిగేకొద్దీ క్లోరిన్ మందగిస్తుంది, నీళ్లు పచ్చబడతాయి. అప్పుడు కొంత నీళ్లు తోడేసి కొత్తవి పట్టడమే దారి.

ఇక దుమ్ము, వాన రెండూ నెట్టులోంచి దిగుతాయి. ఆకులు, కప్పలు, పురుగులు మాత్రం ఆగుతాయి. నీటి పైన తేలే చెత్త పట్టే స్కిమ్మర్ బుట్టను దులిపే పని నిజంగానే తగ్గుతుంది. గోపాల్‌పూర్ వైపు సరుగుడు తోటల పక్కనున్న ఇళ్లకు ఇది ఊరట. కానీ ఆ సన్నని సరుగుడు సూదులు పైకప్పు నెట్టు కన్నుల్లో నిలువునా దిగబడి ఉండిపోతాయి. చీపురుకు రావు, వేళ్లతో పీకాల్సిందే.

"తుఫానుకు చెక్కుచెదరదు"

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే, గాలి గంటకు 200 కి.మీ. పైమాటే. కట్టడాల మీద గాలి బరువు లెక్కకు ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ఈ కోస్తాకు సెకనుకు 50 మీటర్ల గాలి లెక్కగట్టమంటుంది. వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు. మూతపడిన 4×8 అడుగుల పలక మీద అది దాదాపు 450 కిలోల తోపు. కన్నుల్లోంచి గాలి పోతుంది కాబట్టి సగమే పడిందనుకున్నా 220 కిలోలకు పైనే. సూదులు, దుమ్ము, ఉప్పు పట్టి కన్నులు పూడుకున్న నెట్టు మీద ఇంకా ఎక్కువ.

చాలాచోట్ల కాళ్లను డెక్ టైల్ మీదే ప్లాస్టిక్ ప్లగ్గులతో బిగించేస్తారు. టైల్ కింద ఇసుక పూడికే ఉంటే ఫ్రేము టైల్‌తో సహా లేస్తుంది. కాలు ఆర్‌సీసీ బీములోకి దిగాలి, యాంకర్లు, స్క్రూలు 316 స్టెయిన్‌లెస్ కావాలి. మామూలు ఇనుప స్క్రూ ఉప్పు గాలిలో తను తుప్పుపట్టడమే కాదు, చుట్టూ ఉన్న అల్యూమినియాన్నీ తినేస్తుంది. పైకప్పు నెట్టును తుఫాను హెచ్చరిక రాగానే ఫ్రేములో నెట్టును పట్టి ఉంచే రబ్బరు బీడింగు లాగి చుట్టేసేలా ఉంచాలి. ఫ్లోరిడా నిబంధనల్లోనే వినైల్ (ప్లాస్టిక్) పలకలకు, గాలి గంటకు 75 మైళ్లు దాటేలా ఉంటే తీసేయమనే స్టిక్కరు అంటించాలని ఉంది. ఫోటో పంపినవాళ్లు ఆ స్టిక్కరును పంపలేదు.

"పిల్లలకు భద్రం"

తలుపు తెరిచి ఉంచితే భద్రం లేదు. పిల్లాడు ఒరిగితే బీడింగు జారి నెట్టు ఊడొస్తుంది. తలుపు బయటి వైపుకే తెరుచుకోవాలి, దానంతటదే మూసుకోవాలి, గడియ నేలకు 1.5 మీటర్ల ఎత్తున ఉండాలి. అంతకన్నా 1.2 మీటర్ల గట్టి కంచె, ఊచల మధ్య 10 సెం.మీ. మించని సందు: ఖర్చూ తక్కువ, పనికొచ్చేదీ ఎక్కువ.

"డబ్బు తిరిగొస్తుంది"

బ్యాంకు వాల్యూయరు నేలకు, కట్టడానికి లెక్క కడతాడు. నట్లు విప్పితే ఊడొచ్చే ఫ్రేము మీద ఆశ పెట్టుకోవద్దు. బరంపురంలో పూల్ ఉన్న ఇల్లు కొనేవాళ్లే తక్కువ, దానిమీది షెడ్డు చూసి ధర పెంచేవాళ్లు ఇంకా తక్కువ.

పెట్టుబడి లెక్కలోనూ ఒక తిరకాసు ఉంది. పై పూల్‌కు చుట్టూ 1.2 మీటర్ల డెక్ వదిలితే నేల 716 చదరపు అడుగులు. 2.7 మీటర్ల ఎత్తు గోడలు, పైకప్పు కలిపితే నెట్టు దాదాపు 1,690 చదరపు అడుగులు. చదరపు అడుగుకు ₹300 అనుకుంటే నేల లెక్కన 2.15 లక్షలు, నెట్టు లెక్కన 5 లక్షల పైచిలుకు, 18 శాతం జీఎస్టీతో 6 లక్షల దగ్గరికి. ఫ్యాబ్రికేటర్ నోటితో చెప్పేది మొదటిది, బిల్లులో వేసేది రెండోది. అందుకే అడ్వాన్స్ ఇచ్చేముందు కొటేషన్‌లో రేటు నేల మీదా, నెట్టు మీదా అన్నది, అల్యూమినియం సెక్షన్ మందం, యాంకర్ రకం, నెట్టు మార్పు ఎవరి ఖర్చన్నది రాయించుకోండి.