ఆపమన్న మాత్ర, వేసుకోమన్న మాత్ర

మా పటమట వాకింగ్ గ్రూపులో మొన్నొక మెసేజ్ తిరిగింది. సారాంశం ఇదీ: "గుండెకి బైపాస్ ఆపరేషన్ అయినవారికి మోకాళ్ళ నొప్పులు వచ్చేది కొలెస్ట్రాల్ మాత్ర వల్లే. అది కీళ్ళలో గుజ్జు ఎండగడుతుంది. బైపాస్‌లో కొత్త రక్తనాళాలు వేశారు కాబట్టి ఇక దాంతో పనిలేదు, ఆపేయండి. నొప్పికి మెడికల్ షాపులో దొరికే మామూలు మాత్ర చాలు, లేదంటే మూలికల పొడి వాడండి. నడక తగ్గించండి, కీళ్ళు అరుగుతాయి." చివర దండాలు పెట్టే బొమ్మలు మూడు, పదిమందికి పంపమని ఆజ్ఞ.

పంపినాయన్ని నేను అన్నయ్యా అనే పిలుస్తాను. ఆయన ఛాతీ మీదా నాకున్న గీతే ఉంది. మంచి మనసుతోనే పంపాడు, అనుమానం లేదు. నాకు బైపాస్ అయి ఆరేళ్ళు. మోకాళ్ళ నొప్పి అంతకంటే పాతది. నేను డాక్టర్ని కాను, ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు స్పేర్ పార్టులు అమ్మినవాణ్ణి. అయినా ఈ మెసేజ్‌ని ముక్క ముక్కగా విప్పి చూడాల్సిందే.

"కొత్త నాళాలు వేశారు కాబట్టి మాత్రతో పనిలేదు." రేడియేటర్‌కి కొత్త హోసు వేసి మళ్ళీ ఆ తుప్పు నీళ్ళే పోస్తే ఏమవుతుందో మా ఆటోనగర్ కుర్రాళ్ళని అడగండి. పైగా మనకి వేసినవి కంపెనీ పార్టులు కూడా కావు, ఎక్కువగా మన కాలిలోంచి తీసిన సిరలు. ధమనిలో ఉండే ఒత్తిడికి అవి పుట్టినవి కావు. పదేళ్ళు తిరిగేసరికి అలా వేసిన సిరల్లో దాదాపు సగం మూసుకుపోతాయి. ఛాతీ లోపలి ధమనిని కలిపితే అది చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది. ఆ మూసుకుపోవడాన్ని నెమ్మదింపజేసే పనే స్టాటిన్ అనే ఈ కొలెస్ట్రాల్ మాత్రది. ఆపరేషన్ అయ్యాక దాని అవసరం పెరుగుతుందే కానీ తీరదు.

"నొప్పులన్నీ దానివల్లే." ఇందులో కాస్త నిజముంది. ఈ మాత్రలతో కొందరికి కండరాల నొప్పి వస్తుంది. కండరాలు అన్నాను, కీళ్ళు అనలేదు. సాధారణంగా రెండు తొడలూ రెండు భుజాలూ సమంగా లాగుతాయి, అదీ మాత్ర మొదలుపెట్టిన కొత్తలోనో మోతాదు పెంచాకో. దుర్గ గుడి మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు ఒక్కటే కలుక్కుమంటే అది అరుగుదల కావడానికే అవకాశం ఎక్కువ. గుజ్జు ఎండగట్టడమన్న మాటకైతే ఆధారమే లేదు.

ఇంగ్లండులో చేసిన ఒక పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. బాధలు తట్టుకోలేక ఈ మాత్ర మానేసిన 60 మందికి ఏడాదిపాటు కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు మందులేని ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఖాళీ డబ్బా ఇచ్చారు. అసలు మాత్రతో వచ్చిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది! వాళ్ళు అబద్ధమాడారని కాదు, నొప్పి నిజంగానే పుట్టింది. భయం కూడా నొప్పిని పుట్టిస్తుంది. ఇలాంటి మెసేజ్‌లు చేసే పని అదే.

అనుమానం ఉంటే డాక్టరు కండరాలు దెబ్బతిన్నాయేమో చెప్పే సీకే రక్తపరీక్ష చేయిస్తారు, థైరాయిడ్, విటమిన్ డి చూస్తారు. మోతాదు తగ్గించవచ్చు, వేరే రకానికి మార్చవచ్చు. కండరాల నొప్పితో పాటు మూత్రం ముదురు రంగులో వస్తే మాత్రం ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి.

"మామూలు నొప్పి మాత్ర చాలు." నన్ను ఇది రాయడానికి కూర్చోబెట్టింది ఈ వాక్యమే. బైపాస్ అయిన రెండో ఏడు గుంటూరులో మేనకోడలి పెళ్ళికి వెళ్ళి, రోజంతా నిలబడి, రాత్రి మెడికల్ షాపులో నొప్పి మాత్రల స్ట్రిప్ కొన్నాను. షాపతను డాక్టరు చీటీ అడగలేదు, గుండె సంగతి అడగలేదు, నేనూ చెప్పలేదు. నాలుగు రోజులకి మోకాలు హాయిగా ఉంది. పాదాలు వాచి చెప్పులు పట్టలేదు, ఎప్పుడూ 130 దాటని బీపీ 160కి ఎక్కింది.

డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, అసిక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్ లాంటి ఈ నొప్పి మాత్రలన్నీ ఒక కుటుంబమే. కిడ్నీలు ఉప్పునీ నీటినీ పట్టేసుకునేలా చేస్తాయి. బీపీ మాత్ర పని చెడుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వేసుకునేవాళ్ళకి కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. బైపాస్ సమయంలో నొప్పికి ఇవి వాడకూడదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2005లోనే మందు వివరాల కాగితంలో హెచ్చరిక పెట్టించింది. గుండెపోటు ముప్పు వాడకం మొదలైన తొలి వారాల్లోనే రావచ్చని 2015లో దాన్ని ఇంకా గట్టిచేసింది.

ఐబూప్రొఫెన్‌కి ఇంకో గుణముంది. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపినట్టు, ఆస్పిరిన్ కూర్చోవాల్సిన చోటు అది ముందే ఆపేస్తుంది. ఆస్పిరిన్ రక్తంలో ఎక్కువసేపు నిలవదు, సీటు దొరక్క వెళ్ళిపోతుంది. కొన్ని గంటలకి తువ్వాలు వేసినవాడూ దిగిపోతాడు. ఆ పూట రక్తం పలచబడే మాత్ర వేసుకున్నామన్న ధైర్యమే మనకి మిగులుతుంది.

మూలికల పొడి గురించి ఒక్క మాట. పేరూ ఊరూ లేని పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మడం పట్టుబడిన సంగతే. రెండు రోజుల్లో నొప్పి మాయమైందంటే సంతోషించకండి, స్టెరాయిడ్‌తో షుగర్ పెరుగుతుంది, అది చూపించుకోండి.

నడిస్తే అరుగుతాయా? తొడ కండరం బలంగా ఉంటేనే మోకాలి మీద భారం తగ్గుతుంది. బెజవాడ ఎండల్లో తెల్లారేలోపే నడిచి రండి, అంతే.

ఇదంతా గ్రూపులో పెడితే అన్నయ్య ఫోన్ చేశాడు. "మరి నొప్పికి నువ్వేం చేస్తున్నావురా?" అన్నాడు. కుర్చీలో కూర్చుని కాలు చాపి పది లెక్కపెట్టే వ్యాయామం రెండు పూటలా, వేడినీళ్ళ కాపడం, నాలుగు కిలోలు తగ్గాను, మరీ ఓర్వలేని రోజు పారాసిటమాల్, అదీ డాక్టరు రాసిన హద్దులో. "నేనూ పారాసిటమాలే వేస్తున్నా" అన్నాడు. స్ట్రిప్ తిప్పి వెనక అక్షరాలు చదవమన్నాను. కళ్ళజోడు వెతుక్కుని కూడబలుక్కుంటూ చదివాడు: "అసిక్లోఫెనాక్... పారాసిటమాల్..."

రెండూ కలిపి అమ్మే మాత్ర అది. సోమవారం సూర్యారావుపేటలో డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. ఆ స్ట్రిప్ పారేయొద్దని, డాక్టరుకి చూపించాలని చెప్పాను.