రోడ్డు మీద చల్లితే డయేరియా ఆగదు
రోడ్ల మీద, కాలువ గట్ల మీద బ్లీచింగ్ చల్లితే డయేరియా అదుపులోకి వస్తుందని ఒక వ్యాసంలో రాశారు. ఆ మాట ఒప్పుకోలేను. కలరా, టైఫాయిడ్ క్రిములు ఎక్కువగా ఒంట్లోకి చేరేది తాగే నీళ్లతో, తినే తిండితో. రోడ్డు మీద మట్టి, చెత్త తగలగానే బ్లీచింగ్‌లో క్రిముల్ని చంపే క్లోరిన్ అక్కడికక్కడే ఖర్చయిపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది కదా, అలాంటప్పుడు ముందు చూడాల్సింది ఇంటి కుళాయి. కనెక్షన్ పైపు సైడు కాలువలోంచి పోయే వీధుల్లో అసలు ప్రమాదం అక్కడే. సరఫరా ఆపగానే పైపులో ఒత్తిడి పడిపోతుంది, సన్న చిల్లు ఉన్నా చాలు, మురుగును లోపలికి లాగేస్తుంది. పొద్దున్నే పట్టిన మొదటి బిందె వాసన కొట్టడానికి ఒక కారణం ఇదే. ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గర క్లోరిన్ ఎంత ఉందన్నది కాదు, వీధి చివరి ఇంట్లో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలిందా అన్నదే లెక్క. అక్కడ పట్టిన నీళ్లలో ఓటీ (క్లోరిన్ ఉందో లేదో చూపే ఆర్థోటాలిడిన్ ద్రవం) చుక్కలు వేస్తే పసుపు రంగు తేలాలి. తేలకపోతే లీకు వెతకాలి. ఇంట్లో వెయ్యి లీటర్ల తేట నీళ్లకు తాజా బ్లీచింగ్ సుమారు 2.5 గ్రాములు సరిపోతుంది. మగ్గులో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రం ట్యాంకులో పోసి గంట ఆగాలి. బురద నీళ్లయితే ముందు పటికతో తేర్చాలి. మూట విప్పి నెలల తరబడి తేమలో ఉంచిన పొడి మాత్రం వాడొద్దు, అందులో ఘాటు పోయి సున్నమే మిగులుతుంది.